వాన సెన్సారుకి ఆయుధపూజ

ఆ రోజుల్లో వాన వస్తోందని కనిపెట్టడానికి మా ఇంట్లో ఏ యంత్రమూ ఉండేది కాదు. మొదటి చుక్క ముత్తంలో బండ మీద టప్పుమని పడగానే వంటింట్లోంచి మా అత్త "వానా!" అని ఒక్క కేక పెట్టేది. (ముత్తం అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచి వదిలేసిన జాగా. పాత ఇళ్ళకి ఊపిరితిత్తుల్లాంటిది.) ఆ కేకకి ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఉన్నపళంగా లేచి, అన్నం తింటున్నవాళ్ళు ఎంగిలి చేత్తోనే పరిగెత్తి, చేతికందింది లోపలికి లాగేవాళ్ళు. ఆరేసిన బట్టలు, ఎండబెట్టిన మిరపకాయలు, ఒకసారి కుర్చీలో కునుకు తీస్తున్న మామని కుర్చీతో సహా. అలాంటి ఇంటికి వానని కనిపెట్టే యంత్రం తెచ్చి బిగించిన మహాతల్లిని నేనే. ఇప్పుడు నడుంనొప్పికి వీపు వెనక దిండు పెట్టుకుని కూర్చుని ఆ పిల్లని తలుచుకుంటే కోపం రాదు, నవ్వు కూడా వెంటనే రాదు. ముందు ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది, ఆ తర్వాతే కొంచెం నవ్వొస్తుంది.

అత్తంటే మా నాన్నకి అక్క. నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం కాబట్టి, చదువు చెడిపోతుందని నన్ను చిన్నప్పుడే చెన్నైలో వాషర్‌మెన్‌పేట్‌కి, ఆవిడ దగ్గరికి చేర్చారు. అత్త మెట్టినింటివాళ్ళు అక్కడికి ఏ కాలంలో వచ్చారో వాళ్ళలో ఎవరికీ తెలియదు. అడిగితే "మేము ఈడోళ్ళమే" అంటారు, అంతే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ కోపం వస్తే అరవంలోకి దిగుతారు. మామ పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన వర్క్‌షాపుని వదిలారు గానీ వర్క్‌షాపు ఆయన్ని వదల్లేదు. ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, చెవి ఆనించి విని, గంభీరంగా "బేరింగు" అనేవారు. మిక్సీకైనా అదే, గోడగడియారానికైనా అదే. (నాకు మోకాలు నొప్పి వచ్చినప్పుడు కూడా అదే అన్నారు.)

ఇంజనీరింగు అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం, ఇళ్ళల్లో పనులు వాటంతటవే జరిగేలా యంత్రాలు బిగించే ఒక చిన్న కంపెనీలో. చిన్న అంటే టైల్స్ కొట్టు మీద ఒక గది, అందులో మేం నలుగురం, ఒక ఫ్యాను. మా యజమానిని చాటుగా వానసారు అనేవాళ్ళం. ఆయనది గోదావరి వైపు. కుర్రతనంలో సినిమాలకని మద్రాసు వచ్చి, స్టూడియోల్లో వాన కురిపించే పనిలో కుదురుకున్నారు. పైపులకి చిల్లులు పెట్టి, ట్యాంకర్లు తెప్పించి, హీరోయిన్ తడిసేలా, కెమెరా తడవకుండా వాన పడేట్టు చూడటం ఆయన విద్య. సినిమావాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయినా ఆయన కదల్లేదు. "ఇన్నేళ్ళూ లేని వాన కురిపించానమ్మాయ్, ఇహ ఉన్న వానని కనిపెట్టి కాస్త పుణ్యం కట్టుకుందాం" అని ఈ కంపెనీ పెట్టారట. దీపాలు, కర్టెన్లు, గేట్లు అన్నీ చేసేవాళ్ళం గానీ ఆయన ప్రాణమంతా వాన సెన్సారు మీదే ఉండేది. అరచేతిలో పట్టే పలక, దాని మీద దువ్వెన పళ్ళలాగా రాగి గీతలు. రెండు గీతల మధ్య నీటిచుక్క పడితే కరెంటు దాటుతుంది, మోటారుకి కబురు వెళ్తుంది, మోటారు పైకప్పు మూస్తుంది, అదే కబురు ఫోనుకీ వస్తుంది. పలక ఆరిపోతే వాన వెలిసిందని కప్పు మళ్ళీ తెరుచుకుంటుంది. ఇందులో నాకు అర్థంకానిది ఏమీ లేదని నాకు చాలా గట్టి నమ్మకం ఉండేది. ఇరవై నాలుగేళ్ళ వయసులో అన్ని నమ్మకాలూ గట్టిగానే ఉంటాయి లెండి.

"ముందు మీ ఇంట్లో బిగించమ్మాయ్. నీ వాళ్ళే నమ్మని వస్తువుని ఊళ్ళోవాళ్ళకి ఎలా అంటగడతావు?" అన్నారు వానసారు. నేను ఉత్సాహంగా అత్త దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని బీన్స్ తరుగుతోంది. ముత్తం పైన జరిగే కప్పు పెడతామని చెప్తే తల పైకెత్తి ఆకాశం వైపు చూసి, "దాన్ని మూసేస్తావా ఏందే?" అంది.

"వానొచ్చినప్పుడే అత్తా. వాన పోగానే తెరుచుకుంటుంది."

"ఎవురు తెరుస్తారు?"

"ఎవరూ తెరవక్కర్లేదు. అదే తెరుచుకుంటుంది."

"అంటే నేను కేక పెట్టే పని లేదా ఇంక?" అంది అత్త. ఆ గొంతులో ఉన్నది సంతోషమో దిగులో నాకప్పుడు పట్టలేదు. మామకి మాత్రం విషయం అక్కర్లేదు, కప్పు పట్టాల మీద జరుగుతుందన్న ఒక్క మాట చాలు. పట్టాలు ఎట్టా వెయ్యాలో తనకంటే ఎవురికి తెలుసునని చొక్కా విప్పి రంగంలోకి దిగారు. రెండు గోడల మీద ఇనుప పట్టాలు, వాటి మీద చక్రాలున్న ప్లాస్టిక్ రేకు, డాబా పిట్టగోడ మీద చిన్న కడ్డీకి మా సెన్సారు. మొదటిసారి కప్పు కిర్రుకిర్రుమంటూ కదిలినప్పుడు మామ చెయ్యి పైకెత్తి "బండి బయల్దేరినాది!" అన్నారు. ఆ తర్వాత అది ఎప్పుడు కదిలినా ఆయన ఆ మాట అనకుండా ఉండలేదు.

గోడకి ఒక మామూలు స్విచ్చు కూడా పెట్టించొచ్చు కదా అని మీరడగొచ్చు. నేనూ అడిగాను. "స్విచ్చు పెడితే జనం స్విచ్చునే నమ్ముతారమ్మాయ్, యంత్రాన్ని నమ్మరు" అన్నది వానసారు సిద్ధాంతం. కాబట్టి అవసరానికి ఒక రిమోటు, అదీ కాకపోతే నా ఫోను. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆ తర్వాత నా బతుకు ఎలా తయారైందో చెప్తే మీకే జాలేస్తుంది. సెన్సారు పాపం నిజాయితీగా పనిచేసేది, అదే దాంతో వచ్చిన చిక్కు. తడి కనిపిస్తే చాలు వాన అనేది. తెల్లవారి మంచు పడితే వాన. కాకి వచ్చి కూర్చుని తన పని తను చేసుకుపోతే వాన. పక్కింటివాళ్ళ ట్యాంకు పొంగి తుంపర ఎగిరితే వాన. శుక్రవారం అత్త తలంటు పోసుకుని డాబా ఎక్కి జుట్టు విదిలిస్తే వాన. కప్పు మూసుకునేది, మామ బండి బయల్దేరిందనేవారు, ముత్తం కుంపటిలా కాగిపోయేది, ఆఫీసులో నా ఫోను మోగేది. "ఏమే పాపా, నీ వాన వచ్చి ఉండాది" అనేది అత్త. అప్పటినుంచి ఆ ఇంట్లో వానలు రెండు రకాలయ్యాయి, దేవుడి వాన, నా వాన. వీధిలో కూరగాయలమ్మే ఆవిడ కూడా నన్ను ఆపి "ఎన్నమ్మా, ఇవాళ మీ వాన ఉండాదా, బండికి పట్టా కప్పేదా?" అని అడిగేది. నేను సాయంత్రం వచ్చి డాబా ఎక్కి పలక తుడిచి, దిగి, చెయ్యి కడుక్కుని, అన్నం ముందు కూర్చునేసరికి మళ్ళీ ఫోను కుయ్యిమనేది. నా తల ప్రాణం తోకకి వచ్చేది. ఆ శబ్దానికి ఇప్పటికీ నా భుజాలు వాటంతటవే బిగుసుకుంటాయి.

అయినా నవరాత్రులు వచ్చేసరికి యంత్రం కొంచెం దారికొచ్చింది. ముళ్ళతీగ చుట్టాక కాకి రావడం మానేసింది, అత్త జుట్టు కిందే ఆరబెట్టుకోవడం నేర్చుకుంది. సరిగ్గా అప్పుడే అత్త మనసులో ఎన్నేళ్ళుగానో ఉన్న కోరిక ఒకటి బయటపడింది. వీధి గది ఇరుకు కావడంతో ఏటా బొమ్మల కొలువు గోడకి అతుక్కుని ఉండేది. చూడవచ్చిన ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు నిలబడి మెడలు సాచేవాళ్ళు. కొలువు ముత్తంలో పెడితే మెట్లు ఎంత వెడల్పైనా వేసుకోవచ్చు, నడుమ జంపఖానా పరిచి అందరినీ కూర్చోబెట్టొచ్చు. కానీ చెన్నైలో అది ఈశాన్యపు వానలు మొదలయ్యే వేళ. ఆ బొమ్మలేమో పాతకాలపు మట్టి బొమ్మలు, రంగు పైపైన అద్దినవి. నీళ్ళు తగిలితే ఇంకేమీ మిగలదు.

అందులో ఒక జంట ఉండేది. కొట్టు పెట్టుకుని కూర్చున్న చెట్టియారు, పక్కనే చెట్టియారమ్మ. వాళ్ళ ముందు చిన్న చిన్న గిన్నెల్లో అత్త నిజం బియ్యం, పెసలు, కందిపప్పు పోసి పెట్టేది. అవి వాళ్ళమ్మ, అంటే మా నాయనమ్మ, కొలువులోవి. నాయనమ్మ పోయినప్పుడు నగల గురించి ఎవరేం అనుకున్నా పట్టించుకోకుండా ఆ జంటని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కి వచ్చేసిందట అత్త. చెట్టియారు మీసం మీద దుమ్ము కూడా ఆవిడే తుడిచేది, ఇంకొకరిని తాకనిచ్చేది కాదు. ఆ జంటని చేతుల్లో పెట్టుకుని ముత్తం నడుమ నిలబడి నన్ను పిలిచింది. "పాపా, నీ మీద నమ్మకం పెట్టి అడగతా ఉండా. ఈడ పెట్టేదా, లోపల పెట్టేదా? నువ్వు ఎట్టా చెప్తే అట్టా."

నేను ఒక్క క్షణం ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. "నిశ్చింతగా పెట్టు అత్తా. ఒక్క చుక్క పడితే నన్నడుగు" అన్నాను.

అత్త ఇంకేమీ అడగలేదు. కొలువు ముత్తంలో వెలిసింది. కింది మెట్టు మీద, అందరి కళ్ళూ పడే చోట, చెట్టియారు దంపతులు కొట్టు తెరిచారు. నవరాత్రుల మొదట్లో ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది. కప్పు బుద్ధిగా కదిలి మూసుకుంది, కొలువు మీద చుక్క పడలేదు. వచ్చినవాళ్ళు నోరెళ్ళబెట్టి చూశారు. అత్త నా తల నిమిరి "మా పాపే చేసినాది" అని అందరికీ చెప్పింది. ఆ మాటతో నా కాళ్ళు నేల మీద ఆనలేదు. వానసారు సంగతి విని, ఆయుధపూజ సాయంత్రం భార్యతో సహా కొలువు చూడ్డానికి వస్తానన్నారు.

ఇప్పుడు ఆయుధపూజ గురించి, దానికంటే ముఖ్యంగా మామకీ ఆయుధపూజకీ ఉన్న బంధం గురించి చెప్పాలి. వర్క్‌షాపులో ఆయనకి ఏడాదికంతటికీ అదే పండగ. లేతు మిషన్లు కడిగి, చందనం పూసి, కుంకుమ పెట్టి, మాలలు వేసి, బూడిద గుమ్మడికాయ కొట్టి, బొరుగులూ బెల్లమూ పంచి, ఆ రోజంతా మిషన్లకి విశ్రాంతి ఇచ్చేవాళ్ళు. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున మళ్ళీ దీపం వెలిగించి తీసేదాకా ముట్టుకోకూడదు. రిటైరయ్యాక ఆ భక్తినంతా ఇంటి మీద కుమ్మరించారు. కుట్టుమిషను, సైకిలు, కత్తిపీట, తిరగలి, అన్నిటికీ బొట్టు. ఇనుము మీద కుంకుమ నిలవాలంటే నూనెలో కలపాలని ఆయన వర్క్‌షాపులో నేర్చుకున్న కిటుకు. (ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.)

ఆ పొద్దున నేను ఆఫీసు పూజలో ఉన్నాను. కంప్యూటర్లకి బొట్లు పెట్టి, బొరుగులు నోట్లో వేసుకుంటుండగా ఫోను కుయ్యిమంది. వాన, పైకప్పు మూసుకుంటోంది. కిటికీలోంచి చూస్తే ఎండకి రోడ్డు మీద తారు మెరుస్తోంది. ఇంటికి ఫోను చేశాను.

"అత్తా, అక్కడ వానా?"

"వాన లేదు గీన లేదు. ఎండ పేల్చేస్తా ఉంది. నీ వానే ఏమో."

"కాకి వచ్చుంటుంది. మామని ఒకసారి ఆ పలక తుడవమని చెప్పు."

అత్త ఫోను చేత్తో మూసి మామని అడిగింది. వెనకనుంచి మామ గొంతు వినిపించింది. "ఇయ్యాల తుడవకూడదు. రేపు తుడస్తాం. కొంచెంసేపుంటే అదే ఆరిపోతాది, చెప్పు పాపకి."

ఆయన అన్నట్టే కాసేపటికి కప్పు తెరుచుకుందని కబురొచ్చింది. ఏమిటి ఆరిపోయేది అని నేను అడగలేదు. అప్పటికే దొంగ వానలతో ప్రాణం విసిగిపోయి, ఆరితే చాలనుకునే స్థితిలో ఉన్నాను.

సాయంత్రం ఇంటికి రాగానే మామ గుమ్మంలోనే చెయ్యి చాచారు. "ఫోనియ్యి."

"ఎందుకు మామా?"

"అది నీ ఆయుధమే గదా. పూజలో పెట్టల్ల."

చూస్తే సరస్వతి పటం ముందు పుస్తకాలు, రెంచీలు, అత్త కత్తెర, నా స్క్రూడ్రైవరు, అన్నీ ఎర్ర గుడ్డ మీద కుప్పగా ఉన్నాయి. ఆ కుప్పలో కప్పు రిమోటు కూడా, నుదుట బొట్టుతో, నిద్రపోతోంది. నిజం చెప్పొద్దూ, ఫోను ఇచ్చేస్తుంటే నాకు ఎంత హాయిగా అనిపించిందో! ఎన్ని నెలల తర్వాత ఒక్క పూట, వాన పడిందో లేదో నాకెవరూ చెప్పరు. వెళ్ళి మొహం కడుక్కుని పట్టుచీర కట్టుకున్నాను.

ముత్తం నిండా ఆడవాళ్ళు చేరారు. ఎవరో పాట అందుకున్నారు, అత్త ఆకు దొన్నెల్లో శనగల సుండలు, అదే గుగ్గిళ్ళు, పంచుతోంది. వానసారు భార్యతో వచ్చి, కొలువుకి దండం పెట్టి, వెంటనే పైకి చూసి పట్టాల్ని మెచ్చుకున్నారు. మామ పొంగిపోయారు. అంతలో నా ముంజేతి మీద ఒక చుక్క పడింది. తర్వాత బండ మీద టప్పుమంది. ఆడవాళ్ళు ఉలిక్కిపడి లేవబోయారు. అత్త నోరు తెరిచింది, కేక పెట్టడానికే. నేను రెండు చేతులూ ఎత్తి, "ఎవరూ లేవకండి! కంగారు పడకండి! ఇప్పుడే మూసుకుంటుంది, చూడండి!" అన్నాను.

అత్త నోరు మూసుకుంది. అందరూ తలలు పైకెత్తి చూశారు. నేను కూడా చూశాను. వానసారు చేతులు కట్టుకుని చిరునవ్వుతో చూశారు. మామ చెయ్యి పైకెత్తి సిద్ధంగా పెట్టుకున్నారు. చుక్కలు చిక్కబడ్డాయి. ఒక పెద్దావిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. కప్పు కదల్లేదు. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటున్నాను నేను. ఆ ఇంట్లో తరాలుగా మొదటి చుక్కకే పరిగెత్తిన జనం, ఆ ఒక్క రోజు పట్టుచీరల్లో నిలబడి, మొహాల మీద వాన పడుతుంటే, నా మాట విని ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత ఆకాశం తూము ఎత్తేసినట్టు కురిసింది.

"వానా!" అని అరిచింది అత్త. ఆ కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. అప్పుడు కదిలారు అందరూ. బొమ్మల్ని రెండేసి మూడేసి చేతుల్లోకి తీసుకుని గదుల్లోకి పరుగులు. నేను రిమోటు కోసం పూజ దగ్గరికి ఉరికితే మామ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు. "పాపా, ముట్టుకోబాక! రేపు పొద్దున్నే తియ్యల్ల!"

"మామా, బొమ్మలు కరిగిపోతున్నాయి!"

"తెలస్తానే ఉంది. అయినా సరస్వతి ముందర పెట్టిండాము గదా..." అంటున్న ఆయన గొంతులో కూడా ఏడుపు ఉంది. మనిషి అడ్డం తొలగడు, కొలువు వైపు చూసి గిలగిల్లాడిపోతున్నాడు. అత్త తడి చీరతో వచ్చి ఆయన్ని ఒక్క తోపు తోసింది. "తల్లీ, తప్పుంటే నన్నడుగు, ఈళ్ళనడగబాక" అని పటానికి దండం పెట్టి, కుప్పలోంచి రిమోటు లాగి నా చేతిలో పెట్టింది. నొక్కాను. బొట్టు జిగురుకి మీట లోపలికి పోయి పైకి రాలేదు. చీరకొంగుతో తుడిచి మళ్ళీ నొక్కాను.

ఈలోగా ముత్తంలో వానసారు తన పాత అవతారం ఎత్తేశారు. "జంపఖానా తియ్యండి! నలుగురూ నాలుగు కొసలు పట్టండి! ఎత్తండి, ఇంకా ఎత్తండి! మనుషులు తడిస్తే తడవనివ్వండమ్మా, అది తడవకూడదు!" అని అరుస్తున్నారు. ఆయన భార్యతో సహా నలుగురు ఆడవాళ్ళు జంపఖానాని మెట్ల మీద గొడుగులా పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు పైన కిర్రుమంది. కప్పు కదిలింది. అందరూ ముద్దగా తడిసి వణుకుతున్న ఆ నిశ్శబ్దంలో, మామ అలవాటు ఆపుకోలేక, చాలా మెల్లగా, "బండి బయల్దేరినాది" అన్నారు. ఎవరూ నవ్వలేదు. అత్త ఆయన వైపు చూసిన చూపు మాత్రం నాకింకా గుర్తుంది.

డాబా ఎక్కి టార్చి వేసి చూశాను. మా సెన్సారు పెళ్ళికొడుకులా ఉంది. పలక నిండా మందంగా చందనం, దాని మీద నూనెలో కలిపిన కుంకుమ రూపాయి బిళ్ళంత, ఆ పైన మూరెడు చామంతి మాల. పొద్దున తడి చందనాన్ని చూసి అది వాన అనుకుంది. చందనం ఆరి, నూనె పట్టాక నిజం వాన దాని ఒంటికి తగలనే లేదు, చుక్కలు జారిపోతున్నాయి. నా వెనకే వచ్చిన మామ తలమీద తువ్వాలుతో నిలబడి, "ఇంట్లో కొత్త మిషను అదే గదా పాపా. దానికి తక్కువ చేస్తే బాగుండదని..." అన్నారు. నాకు కోపం రావాల్సిన చోట రాలేదు. అన్నీ తెలిసినదాన్ని, పొద్దున ఏమిటి ఆరిపోయేదని ఒక్క మాట అడగలేకపోయాను.

పై మెట్ల బొమ్మలు చాలావరకు దక్కాయి. జంపఖానా అందని చోటు కింది మెట్టు. చెట్టియారు మీసం కారి గడ్డం మీదుగా చొక్కాలోకి దిగిపోయింది. చెట్టియారమ్మ బుగ్గ మీద రంగు చారలు కట్టింది. గిన్నెల్లో పప్పులన్నీ నీళ్ళల్లో తేలుతున్నాయి. వచ్చినవాళ్ళకి తడి చేతులతోనే తాంబూలాలిచ్చి పంపాక, అత్త ఆ జంటని ఒళ్ళో పెట్టుకుని మెత్తటి గుడ్డతో అద్దుతూ కూర్చుంది.  నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను ఎదురుగా కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "నన్నడుగు అన్నాను కదత్తా, అడుగు" అన్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, "ఏమడిగేదే నిన్ను? వానని అడగల్ల. పో, తల తుడుచుకో, జలుబు చేస్తాది" అంది. అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అత్త ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే దీపం వెలిగించి పూజ కదిపాక, పనిముట్లతో ఆ రోజు మొదటి పని ఏదో ఒకటి మంచిది చెయ్యాలని ఆచారం. మామ స్నానం చేసి, పెట్టెలోంచి సన్న కుంచె, నల్ల రంగు తీసి, ముత్తంలో పీట వేసుకుని, అత్తని అడక్కుండానే చెట్టియారుని ఎదురుగా పెట్టుకున్నారు. ఊపిరి బిగపట్టి మీసం దిద్దడం మొదలుపెట్టారు. అత్త వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.  నేను స్తంభం చాటున ఉన్నాను. పని అయ్యాక మామ బొమ్మని ఆవిడ వైపు తిప్పారు. ఆ మీసం ఒక కొస పైకి, ఒక కొస కిందికి, అచ్చం మామ మీసంలాగే ఉంది. అత్త గుమ్మం దిగి దగ్గరికొచ్చి చూసింది. "చెట్టియారు కొట్టు మూసేసి రైల్వేలో చేరినాడే!" అంది. అని నవ్వింది. ఆ నవ్వుకి నా గుండెల మీదనుంచి బండ దింపినట్టైంది.

ఆ తర్వాత కొలువు మళ్ళీ వీధి గదిలోకే వెళ్ళింది. సెన్సారుకి మాత్రం ఏటా ఆయుధపూజ జరుగుతూనే ఉంది, బొట్టు పలక మీద కాకుండా దాని వెనకున్న డబ్బా మీద పెట్టేట్టు ఒప్పందం. వానసారు ఆ వారమే గోడ స్విచ్చుల మీద తన సిద్ధాంతం మార్చుకున్నారు. నేను ఉద్యోగాలు మారి మారి, ఇప్పుడు ఊరికి ఈ చివర ఎత్తయిన అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. కిటికీ తెర తీస్తే గానీ బయట ఎండో వానో తెలియని ఇల్లు. రోజంతా మీటింగులు, మీటింగుల గురించి మీటింగులు. అత్త ఇంట్లో ఆ మోటారు ఎప్పుడో కాలిపోయింది (బేరింగే అని మామ తేల్చారు), కప్పు తాడుతో లాగుతున్నారు. పలక మాత్రం ఇంకా బతికే ఉంది. వాన పడితే నా ఫోనుకి కబురు పంపుతుంది. ఆ సాయంత్రం తర్వాత ఆ ఇంటి వాన కబురు నేను ఒక్కటి కూడా వదిలిపెట్టలేదు. ఎక్కడున్నా, ఎవరి ముందున్నా, లేచి బయటికెళ్ళి "అత్తా, వానా?" అని అడుగుతాను. అప్పట్లో వేరే ఊళ్ళో ఉన్న వాళ్ళబ్బాయి, కోడలు, పిల్లలు ఇప్పుడు అందరూ అక్కడే ఉన్నారు, లాగేవాళ్ళు ఉన్నారు, నా అవసరం ఏమీ లేదు. అయినా అడుగుతాను. మామూలుగా అత్త ఫోను చేస్తే మాత్రం మీటింగులో ఉన్నా, తర్వాత చేస్తా అంటాను. ఆ తర్వాత అనేది ఎప్పుడొస్తుందో నాకూ తెలియదు.

మొన్న మే నెల కత్తిరి ఎండల్లో, మిట్టమధ్యాహ్నం, ఒక పెద్ద మీటింగు నడుస్తుండగా ఫోను కుయ్యిమంది. వాన. నేను అలవాటు ప్రకారం లేచి బయటికెళ్ళాను.

"అత్తా, వానా?"

"వాన లేదు గీన లేదు. నేనే డాబా ఎక్కి దాని నెత్తిన చెంబుడు నీళ్ళు పోసినా."

"ఎందుకత్తా ఈ ఎండలో?"

"ఏం చేసేది మరి? పొద్దుట్నించి ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదే నువ్వు. వాన అంటే మాత్రం నువ్వే చేస్తావని మీ మామ చెప్పినాడు."

 "సరే, ఏమైంది? అంతా బాగున్నారా?" అన్నాను.

"బాగానే ఉండాము. అటక దులిపి బొమ్మలు దించినా. చెట్టియారు మీసం మళ్ళా రాలిపోతా ఉంది. మీ మామ కుంచె పట్టుకుంటే చెయ్యి వణకతా ఉండాదే, గీత నిలవడం లేదు. నువ్వొచ్చి దిద్దు పాపా. ఇంకొకళ్ళ చేతికి ఇయ్యలేను."

లోపలికెళ్ళి, "మా ఇంట్లో వాన పడుతోంది, నేను వెళ్ళాలి" అని చెప్పి సంచి తీసుకున్నాను. అందరూ అద్దాల్లోంచి బయట కాగిపోతున్న ఎండని చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ ఇరవై నాలుగేళ్ళ పిల్లయితే దీన్ని కూడా దొంగ వానల్లో కలిపేసి, పలక తుడవమని చెప్పి ఫోను పెట్టేసేది. పాపం, దానికేం తెలుసు. నేను దారిలో దిగి ఒక సన్న కుంచె, చిన్న సీసాలో నల్ల రంగు కొనుక్కుని వాషర్‌మెన్‌పేట్ బస్సెక్కాను.